శవపరీక్షకు తీరిక దొరకని పాథాలజీ శిక్షణ

ఆదిత్యపూర్ (జార్ఖండ్): ఖర్కాయ్ నదికి ఒక ఒడ్డున జంషెడ్‌పూర్, మరో ఒడ్డున ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడ. ఇక్కడి ఫౌండ్రీల వంటి చోట్ల ఇసుకతో పనిచేసే కార్మికుల ఊపిరితిత్తులలో సిలికా ధూళి పేరుకొనే ప్రమాదం వుంది. దానివల్ల కలిగే సిలికోసిస్ వ్యాధి ఎక్స్‌రేలో తరచు క్షయను పోలి కనిపిస్తుంది. రోగి మరణించిన తరువాత అసలు కారణాన్ని కచ్చితంగా తేల్చగలిగేది శవపరీక్షే. అయితే ఆ పరీక్షలో చేయి తిరిగిన పాథాలజిస్టులను తయారుచేసే శిక్షణకే నేడు తీరిక కరవవుతున్నది.

ఎం.డి. పాథాలజీ కోర్సు కాలపరిమితి మూడేళ్లు. శస్త్రచికిత్సలో తొలగించిన కణజాలం, రక్త పరీక్షలు, సైటాలజీగా పిలిచే కణపరీక్ష, శవపరీక్ష - ఇవన్నీ రెసిడెంట్ డాక్టర్లు ఈ వ్యవధిలోనే నేర్వవలసి వుంటుంది. 2020లో ప్రకటించిన జిల్లా రెసిడెన్సీ పథకం కింద మూడు మాసాలు జిల్లా ఆస్పత్రిలో గడపడం కూడా ఇందులో భాగమే.

కణపరీక్ష, శవపరీక్ష రెండూ వేచివుండేవి కావు. గడ్డలోకి సన్నని సూది పంపి తీసిన కణాలను గాజు పలకపై పరచిన వెంటనే ఆల్కహాలులో ముంచకపోతే అవి ఆరిపోయి రూపం మారుతాయి. అవతల మృతదేహంలోని అవయవాలు గంట గంటకూ చెడిపోతుంటాయి. పూర్తిస్థాయి శవపరీక్షకు కొన్ని గంటలు పడుతుంది. మెదడును కోసి చూడాలంటే అది ఫార్మలిన్‌లో గట్టిపడేందుకు సుమారు రెండు వారాలు ఆగాలి. క్యాన్సరు అవునో కాదోనని ఎదురుచూసే రోగి వద్దకే రెసిడెంటు ముందుగా వెళ్లడం సహజం.

హత్యలు, ఆత్మహత్యలు, ప్రమాదాల కేసులలో పోలీసులు కోరే పోస్టుమార్టం ఫోరెన్సిక్ విభాగం పరిధిలోనిది. వ్యాధితో మరణించినవారికి పాథాలజీ విభాగం జరిపే శవపరీక్షకు బంధువుల అంగీకారం అవసరం. దుఃఖంలో వున్న కుటుంబాన్ని ఒప్పించడం తేలిక కాదు. ఫలితంగా ఇటువంటి పరీక్షలు నానాటికీ తగ్గుతున్నాయి.

ఈ ధోరణి మన దేశానికే పరిమితం కాదు. ఆస్పత్రుల గుర్తింపునకు కనీస శాతం శవపరీక్షలు జరగాలన్న షరతును అమెరికాలో 1970వ దశకం ఆరంభంలోనే తొలగించారు. బ్రిటన్‌లో ప్రాథమిక దశ దాటిన శిక్షణార్థులకు ఉన్నతస్థాయి శవపరీక్ష, గర్భాశయ ముఖద్వార కణపరీక్ష ఐచ్ఛికాంశాలుగా మారాయి.

రెండు విధులనూ ఒకే రోజు ఒకే రెసిడెంటుకు అప్పగించకుండా వంతులవారీగా కేటాయించడం ఒక మార్గం. ఫార్మలిన్‌లో భద్రపరచిన అవయవాలను విద్యార్థులందరికీ ఒకేసారి చూపి చర్చించడం మరొకటి. దేహాన్ని కోయకుండా సూదులతో అవయవాలనుంచి కణజాలం సేకరించే పద్ధతి కూడా వుంది. కోతకు సమ్మతించని కుటుంబాలు దీనికి అంగీకరించే అవకాశం ఎక్కువ.

సిలికోసిస్‌ను అధికారులకు విధిగా తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చేర్చింది. కాని పరిహారం కోరే కార్మిక కుటుంబానికి కావలసింది రుజువు. ఆ రుజువును చదవగల వైద్యుడు లేకపోతే, ధూళి వల్ల సంభవించిన మరణం క్షయ మరణంగానే రికార్డులకెక్కుతుంది.