కంట్లో టార్చ్ ఎందుకు వేస్తారు? పురుగుమందు, పాముకాటు, పక్షవాతం.. నర్సమ్మ రెండు నిమిషాల పరీక్షలో తేలేది ఇదే!

చేను కాడ మందు కొట్టి ఇంటికొచ్చిన మనిషి ఉన్నట్టుండి కూలబడ్డాడు. ఆటోలో వేసుకుని పరుగున ఆసుపత్రికి తెచ్చారు. వెంటనే సూది వేస్తారనుకుంటే నర్సమ్మ ముందు రెప్ప ఎత్తి కంట్లో టార్చ్ వేసింది. ‘కండ్లకేమీ కాలేదమ్మా, ముందు గ్లూకోజ్ ఎక్కించండి’ అని కూడా వచ్చినవాళ్ల గోల. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల.. ఏ ఊరి క్యాజువాలిటీలోనైనా కనిపించే సీనే ఇది.

నిజానికి ఆమె చూస్తున్నది కంటిని కాదు.. కంటి వెనకున్న మెదడును.

మనకు కంటి పరీక్ష అంటే కళ్లద్దాలే గుర్తొస్తాయి. అందులో తప్పు లేదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు, ఏపీలో 2019 అక్టోబర్ 10న అనంతపురంలో మొదలైన వైఎస్సార్ కంటి వెలుగు.. రెండూ చూపు పరీక్షలు, అద్దాలు, ఆపరేషన్ల పథకాలే. బోర్డు మీద అక్షరాలు చదివించడం అక్కడి పద్ధతి. క్యాజువాలిటీలో నర్సు చేసేది వేరు. అక్కడ అక్షరాలు చదివే స్థితిలో పేషెంట్ ఉండడు కదా.

12 జతల నరాలు.. అందులో ఆరు కంటి దగ్గరే

మెదడు నుంచి వెన్నుపాముతో పని లేకుండా నేరుగా ముఖానికి, కళ్లకు, గొంతుకు వచ్చే నరాలు 12 జతలు. వీటినే కపాల నాడులు, క్రేనియల్ నెర్వ్స్ అంటారు. రెండోది చూపు నరం. మూడు, నాలుగు, ఆరు కంటి గుడ్డును తిప్పుతాయి. రెప్ప ఎత్తేది, కంటిపాపను చిన్నది చేసేది మూడోదే. నలుసు పడితే కంటికి తెలిసేది అయిదో నరంతో. రెప్ప గట్టిగా మూసేది ఏడోది. అంటే ఒక్క కంటిని సరిగ్గా చూస్తే 12లో ఆరింటి సంగతి తెలిసినట్టే.

మిగతావి కూడా కష్టమేమీ కాదు. ‘అవ్వా, పండ్లు చూపీ.. నాలుక బయటపెట్టు.. ఆ అను.. భుజాలు ఎత్తు’. ఈ మాటలు పిల్లల ఆటలా అనిపిస్తాయి గానీ, ఒక్కో మాట వెనక ఒక్కో నరం ఉంది. వేలును గాల్లో హెచ్ అక్షరంలా కదిలిస్తూ తల కదపకుండా చూడమంటే, ఏ కన్ను ఏ వైపు ఆగిపోతోందో తెలుస్తుంది. చెవి దగ్గర వేళ్లు రుద్దితే ఎనిమిదో నరం. వాసన చూపించే మొదటి నరం పరీక్షను మాత్రం ఎమర్జెన్సీలో ఎవరూ పట్టించుకోరు.

ఇదంతా డాక్టర్ల పని కదా అనే ప్రశ్న వస్తుంది. జబ్బు పేరు తేల్చేది, మందు రాసేది డాక్టరే. అయితే రాత్రి రెండు గంటలకు మంచం దగ్గర ఉండేది, ప్రతి 15 నిమిషాలకు, అరగంటకు మళ్లీ మళ్లీ చూసేది నర్సు. పైగా న్యూరో స్పెషలిస్టు కావాలంటే మన దగ్గర చాలాసార్లు దారి పట్టాల్సిందే. ప్రొద్దుటూరు నుంచి కడప సుమారు 55 కిలోమీటర్లు. పులివెందుల, జమ్మలమడుగుల నుంచి ఇంకా ఎక్కువే. ఎవరిని ఎంత త్వరగా పంపాలో ఆ టార్చ్ వెలుగే మొదట చెబుతుంది. క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ పీజీ కోర్సును ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ తెచ్చింది. పల్లెల్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లే ఎంఎల్‌హెచ్‌పీలుగా ఉన్నారు. ఈ పరీక్ష వాళ్ల చేతుల్లో ఉండాల్సిన విద్యే.

సూదిమొనంత కంటిపాప.. పురుగుమందు గుర్తు

మామూలు వెలుతురులో కంటిపాప 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటుంది. టార్చ్ వేయగానే రెండూ ఒకేసారి ముడుచుకోవాలి. పత్తికి, చీనీ చెట్లకు కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఒంట్లోకి వెళితే పాప సూదిమొనంత అయిపోతుంది. దానికి తోడు నోట్లో నురగ, చెమట, కళ్ల నీళ్లు, ఛాతీలో గురగుర, కండరాలు అదరడం. మందు తాగనక్కర్లేదు.. తడిసిన చొక్కాతో ఎండలో పిచికారీ చేసినా చర్మం గుండా ఎక్కుతుంది. అందుకే బట్టలు విప్పించి సబ్బుతో ఒళ్లు కడగడం కూడా వైద్యంలో భాగమే.

ఇలాంటి కేసులో అట్రోపిన్ ఇస్తారు. పాప పెద్దదైతే మందు చాలినట్టేనని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. ఊపిరితిత్తుల్లో నెమ్ము శబ్దం పోయిందా, గుండె వేగం, బీపీ నిలబడ్డాయా అన్నదే అసలు కొలత.

ఇక్కడ ఎక్కువ మందికి తెలియని ముప్పు ఇంకోటి ఉంది. రెండో రోజుకు మనిషి లేచి కూర్చుంటాడు, మాట్లాడతాడు. ‘బాగైపోయాడు, ఇంటికి తీసుకుపోతాం’ అని ఇంట్లోవాళ్లు డిశ్చార్జ్ అడుగుతారు. సరిగ్గా అప్పుడే, మందు ఎక్కిన 24 నుంచి 96 గంటల మధ్యలో, కొందరికి మెడ వాలిపోతుంది. కళ్లు తిరగవు, మింగడం రాదు, ఆ తర్వాత ఊపిరి ఆగుతుంది. అందుకే నర్సు పొద్దున, సాయంత్రం ‘దిండు మీద నుంచి తల ఎత్తు’ అని అడుగుతుంది. తల ఎత్తలేకపోతే ఐసీయూకు మార్చాల్సిన టైమ్ వచ్చినట్టే. ఆమె ఊరికే విసిగిస్తోందనుకోవద్దు.

సూదిమొన పాప కనిపిస్తే అన్నీ పురుగుమందే అనుకోవడానికీ లేదు. మత్తుమందులతోనూ, మెదడు కాండంలో రక్తం చిమ్మినా అలాగే అవుతుంది. ఉమ్మెత్త గింజలు తింటే తిరగబడి పాప బాగా పెద్దదవుతుంది.

రెప్ప వాలితే.. కట్లపాము

జూన్, జులైలో వానలు పడితే పొలం పనులతో పాటు పాముకాట్లూ పెరుగుతాయి. ఆసుపత్రిలో ముందు చేసేది 20 నిమిషాల రక్తం పరీక్ష. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి కదపకుండా ఉంచుతారు. 20 నిమిషాలకీ గడ్డకట్టకపోతే రక్తపింజర లేదా చిన్నపింజర విషం ఎక్కినట్టు లెక్క.

మరి గడ్డకడితే? ‘ఏం కాలేదు’ అని ఊపిరి పీల్చుకుంటారు. అక్కడే దెబ్బతింటారు. నాగుపాము, కట్లపాము విషం పని చేసేది నరాలు కండరాలను కలిసే చోట. రక్తం పరీక్ష నార్మల్‌గానే వస్తుంది. ముఖ్యంగా కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. కోరల గుర్తు కూడా సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి అంటారు.. గ్యాస్ అనుకుని మాత్ర వేస్తారు. ఆ తర్వాత రెప్పలు బరువెక్కుతాయి. నిద్ర సరిపోలేదేమో అనుకుంటారు!

విషం మొదట పట్టేది కంటి చుట్టూ ఉండే ఈ చిన్న కండరాలనే. వరస దాదాపు ఇలా ఉంటుంది.. రెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, లాలాజలం మింగలేకపోవడం, మెడ నిలవకపోవడం, చివరికి ఊపిరి. రెప్ప దగ్గరే పట్టుకుంటే యాంటీవెనమ్‌కు టైమ్ దొరుకుతుంది. మన దేశంలో దొరికే యాంటీవెనమ్ ఈ నాలుగు పాములకూ పనికొచ్చేదే కాబట్టి, ఏ పామో తేలలేదని ఆగాల్సిన పని లేదు.

నర్సు ఏం చేస్తుంది? రెప్ప కింది అంచుకూ, కింది రెప్పకూ మధ్య సందు ఎంతుందో చూస్తుంది. నిమిషం పాటు పైకి చూడమంటుంది.. అలసటకు రెప్ప జారుతోందా అని. ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతవరకు లెక్కపెట్టగలరో అడుగుతుంది. వచ్చినప్పుడు 25 దాకా చెప్పిన కుర్రాడు గంటకు 12 దగ్గరే ఆగితే, ఆక్సిజన్ మీటర్ బాగానే చూపిస్తున్నా డాక్టర్ను పిలవాల్సిందే. ఊపిరి సన్నగిల్లుతున్నా ఆక్సిజన్ అంకె చివరిదాకా మంచిగానే కనిపించవచ్చు.

ఇంకా దారుణమైన సంగతి ఒకటి. కట్లపాము విషం పూర్తిగా ఎక్కితే కంటిపాపలు పెద్దవై టార్చ్ వేసినా కదలవు. కళ్లు తిరగవు, పిలిస్తే పలకరు, గిల్లినా చలనం ఉండదు. చూసినవాళ్లు ‘మెదడు చచ్చిపోయింది, ఇంక లాభం లేదు’ అంటారు. కానీ లోపల మనిషి అన్నీ వింటూ ఉండొచ్చు! వెంటిలేటర్ మీద రోజుల తరబడి ఊపిరి అందిస్తే పూర్తిగా కోలుకున్నవాళ్లున్నారు. పాముకాటు అనుమానం ఉన్నచోట ఒక్క కంటిపాపను బట్టి ఆశ వదులుకోకూడదు. అందుకే తెలిసిన నర్సు అలాంటి పేషెంట్ దగ్గర చావు మాటలు ఎత్తనివ్వదు. ‘నాయనా, ఇప్పుడు నోరు శుభ్రం చేస్తున్నా, భయపడొద్దు’ అని చెప్పి మరీ చేస్తుంది. రెప్పలు మూతపడవు కాబట్టి కళ్లు ఎండిపోకుండా చుక్కలు, టేపు వేస్తుంది.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. మంత్రం, గాటు పెట్టడం, తాడు గట్టిగా బిగించడం.. ఇవన్నీ పోగొట్టేది ఆ రెప్ప ఇచ్చిన టైమ్‌నే.

మూతి వంకర పోతే.. నుదురు చూడండి

‘గాలి సోకింది’ అని మన దగ్గర రెండు వేర్వేరు జబ్బులకు ఒకే పేరు పెట్టేశాం. ఒకటి మెదడులో రక్తం ఆగిపోయే పక్షవాతం. రెండోది ఏడో నరం వాచే బెల్స్ పాల్సీ. తేడా ఎక్కడంటే నుదుటి దగ్గర. ‘పైకి చూసి నుదురు ముడవండి’ అంటే మూతి వంకరైన వైపు ముడతలు పడుతూ, మూతి మాత్రమే జారితే పక్షవాతం అనుమానం. నుదురు కూడా నున్నగా ఉండి, ఆ కన్ను మూసుకోకపోతే బెల్స్ పాల్సీ అయ్యే అవకాశం ఎక్కువ. ఇది ఆసుపత్రిలో తేల్చే సంగతి.. ఇంట్లో మీరు తేల్చుకుని ఆగిపోవద్దు. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు నాలుగున్నర గంటలే. బెల్స్ పాల్సీకి స్టెరాయిడ్ మూడు రోజుల్లోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది.

పక్షవాతంలో ఇంట్లోవాళ్లు చేసే పెద్ద తప్పు నోట్లో నీళ్లు, కాఫీ పోయడం. తొమ్మిది, పది నరాలు దెబ్బతింటే నీళ్లు గొంతు దిగక ఊపిరితిత్తుల్లోకి పోతాయి, నిమోనియా వస్తుంది. మింగే పరీక్ష చేసేదాకా నర్సు చుక్క నీళ్లు కూడా వద్దనేది అందుకే. జేజికి దాహమేస్తోందని కొంగు చాటున గ్లాసు అందించే మనవరాళ్లు ప్రతి వార్డులోనూ ఉంటారు.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక్కోసారి మూడో నరం దెబ్బతిని రెప్ప వాలి, కన్ను బయటికి తిరుగుతుంది. పాప మామూలుగా ఉంటే చాలావరకు నెలల్లో సర్దుకుంటుంది. భరించలేని తలనొప్పితో పాటు ఆ పాప పెద్దదైతే మాత్రం మెదడులో రక్తనాళం బుడగలా ఉబ్బి ఉండొచ్చు. ఆ రాత్రే స్కానింగ్ జరగాలి.

తాగి పడ్డాడనుకుంటే..

బైక్ మీద నుంచి పడ్డాడు, మందు వాసన వస్తోంది. ‘పొద్దునకు దిగిపోతుందిలే’ అని పడుకోబెట్టేస్తారు. లోపల రక్తం గూడుకడుతుంటే మొదట తగ్గేది స్పృహ. తర్వాత మూడో నరం నలిగి ఆ వైపు పాప పెద్దదవుతుంది. పాప మారేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. అందుకే 1974లో గ్లాస్గో డాక్టర్లు టీస్‌డేల్, జెన్నెట్ ఇచ్చిన స్కోరు వాడతారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. ఎనిమిది లేదా అంతకన్నా తక్కువైతే ఊపిరి గొట్టం ఆలోచించాలి. ఒక్కసారి చూసిన అంకె కన్నా, గంట కిందటికీ ఇప్పటికీ ఎంత పడిపోయిందన్నదే కీలకం.

రెండు పాపల మధ్య కొద్దిపాటి తేడా పుట్టుకతోనూ ఉండొచ్చు. నూటికి 20 మంది దాకా అలా ఉంటారు. ఆధార్ ఫొటో కాకుండా ఫోన్లో దగ్గర నుంచి తీసిన పాత సెల్ఫీ ఒకటి చూపిస్తే ఆ అనుమానం తీరిపోవచ్చు. కాటరాక్ట్ ఆపరేషన్ అయిందా, ఈమధ్య కంట్లో చుక్కలు వేయించుకున్నారా, గాజు కన్నా అన్నది అడగకముందే చెప్పండి. పురుగుమందైతే డబ్బా లేదా దాని లేబుల్ ఫొటో తీసుకురండి. పామును చంపి సంచిలో తేవద్దు.. దూరం నుంచి తీసిన ఫొటో ఉంటే చాలు.

ఫోన్ చేతిలోనే ఉంటుంది కదా.. రెప్ప వాలుతోందన్న అనుమానం వస్తే 108కు ఫోన్ చేసి, వాహనం వచ్చేలోపు పది సెకన్ల వీడియో తీయండి. కళ్లు తెరవమని, పండ్లు చూపమని, పేరు చెప్పమని అడుగుతూ తీస్తే డాక్టర్‌కు టైమ్‌తో సహా దొరుకుతుంది. ఫోన్ టార్చ్ కంట్లో కొట్టి మీరే పరీక్ష చేయాల్సిన పని లేదు.

కడపకు, అందరూ రిమ్స్ అని పిలిచే పెద్దాసుపత్రికి రిఫర్ చేస్తే, నర్సు రాసిన కాగితంలో పాపల సైజు, రెప్పల స్థితి, స్కోరు, ఎన్ని గంటలకు చూశారు, ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారు.. ఇవి ఉంటాయి. అంబులెన్స్ ఎక్కేముందు ఆ కాగితం పేషెంట్‌తో ఉందో లేదో ఒకసారి అడిగి చూసుకోండి.