పుట్టుక లోపం తల్లి పాపం కాదు

వెన్నెముక సరిగా మూసుకోని బిడ్డ పుడితే చుట్టూ వినిపించే మాటలు రెండు: పూర్వజన్మ పాపం, గ్రహణం పట్టింది. రెండూ చివరికి తల్లి మీదకే వస్తాయి. కులాన్ని సమర్థించిన కర్మ వాదమే ఇక్కడా పనిచేస్తోంది. వైద్య పరిశోధన చెప్పేది వేరు.

పిండంలో మెదడు, వెన్నుపాము న్యూరల్ ట్యూబ్ అనే గొట్టం నుంచి తయారవుతాయి. ఫలదీకరణ జరిగిన 28 రోజులకల్లా, అంటే నెల తప్పిన రెండు వారాలకే ఇది మూసుకుపోవాలి. కింది భాగం మూసుకోకపోతే స్పైనా బైఫిడా వస్తుంది. కాళ్లు చచ్చుబడవచ్చు, మూత్రం మీద అదుపు పోవచ్చు. పై భాగం మూసుకోకపోతే మెదడు, పుర్రె పూర్తిగా ఏర్పడవు. అలాంటి బిడ్డలు బతకరు.

దీనికి కారణం ఒక్కటే కాదు. జన్యువులు, తల్లికి అదుపులో లేని షుగర్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ మందు కూడా కారణం కావచ్చు. తేలిగ్గా సరిదిద్దగలిగిన కారణం ఫోలేట్ లోపం. బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 7 దేశాల్లో జరిపిన అధ్యయనం ఫలితాలు 1991లో వచ్చాయి. అంతకుముందు ఇలాంటి గర్భం వచ్చిన స్త్రీలకు మళ్లీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గింది.

మన దగ్గర చిక్కు సమయంతోనే. గర్భమని తెలిసి, ఆశా కార్యకర్త పేరు రాసుకుని, మాత్రలు చేతికొచ్చేసరికి సాధారణంగా ఆ 28 రోజులు దాటిపోతాయి. రక్తహీనతకు ఆ మాత్రలు అవసరమే. న్యూరల్ ట్యూబ్‌కు మాత్రం ఆలస్యమైనట్టే.

గర్భానికి ముందు అందే దారి కాగితం మీద ఉంది. అనీమియా ముక్త్ భారత్ కింద 10 నుంచి 19 ఏళ్ల వారికి, 20 నుంచి 49 ఏళ్ల స్త్రీలకు వారానికో మాత్ర ఇవ్వాలి. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. చదివే పిల్లకు బడిలో, మానేసిన పిల్లకు అంగన్‌వాడీలో. కానీ బడి మానేసి కూలికి వెళ్లే అమ్మాయి అంగన్‌వాడీ తెరిచే వేళకు పొలంలో ఉంటుంది. ఆమె పేరు ఏ రిజిస్టర్‌లో ఉందో, మాత్ర ఎవరిచ్చారో మన వాడల్లో అడిగి తెలుసుకోవాలి.

ఒకసారి ఇలాంటి గర్భం వచ్చినవారికి ఎక్కువ మోతాదు కావాలి, డాక్టర్ రాయాలి. లోపంతో పుట్టిన బిడ్డకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచిత చికిత్స హక్కుగా అడగవచ్చు. లెక్క అడగాల్సింది ప్రభుత్వాన్ని, తల్లిని కాదు.