పికప్ బండి ఇంధనం ఎటు పోతోంది?

1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టీ కారు వెనక ఒక చిన్న ఉక్కు తొట్టి బిగించి, 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అమెరికా రైతులు అప్పటికే ఎవరి తంటాలు వాళ్లు పడి చేయించుకుంటున్న మార్పును ఫ్యాక్టరీయే చేసి ఇచ్చిందన్నమాట. ఇంజన్ శక్తి 20 హార్స్‌పవర్. గంటకు 70 కిలోమీటర్లు దాటడమే గగనం. ఆ వేగానికి బండి ఎంత మొద్దుగా ఉన్నా పెద్దగా నష్టం లేదు. తర్వాత ఇంజన్లు పదింతలు, పదిహేనింతలు బలిశాయి, రోడ్లు వెడల్పయ్యాయి, వేగం వంద దాటింది. నిటారు క్యాబిన్, వెనక నోరు తెరుచుకున్న తొట్టి, నేలకు ఎత్తుగా లేచిన ఛాసీ మాత్రం అలాగే ఉండిపోయాయి. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా ప్రభుత్వం 1975లో మైలేజీ చట్టం తెచ్చినా పికప్‌లను సున్నితంగానే చూసింది. 1990 నాటికి కార్లకు గ్యాలన్‌కు 27.5 మైళ్లు, అంటే లీటరుకు సుమారు 11.7 కిలోమీటర్లు తప్పనిసరి అయితే, తేలికపాటి ట్రక్కులకు 20 మైళ్లు, అంటే ఎనిమిదిన్నర కిలోమీటర్లు చాలన్నారు. ఆకారం మారకపోవడానికి ఈ వెసులుబాటు కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఎలాగూ తాగే బండే కదా, దానికి ఒక కిలోమీటరు పెంచి ఏం లాభం అని పెదవి విరిచేవాళ్లు చాలామంది. లెక్క వేస్తే సంగతి తలకిందులవుతుంది. లీటరుకు 20 కిలోమీటర్లిచ్చే కారును 23కు తెస్తే, పదివేల కిలోమీటర్లకు మిగిలేది 65 లీటర్లు. 6 ఇచ్చే పికప్‌ను 7కు తెస్తే అదే దూరానికి 238 లీటర్లు మిగులుతాయి. అంకె చిన్నదిగా కనిపించే చోటే ఆదా పెద్దది. మనుషులు ఈ లెక్కలో ఎలా తడబడతారో లారిక్, సోల్ అనే పరిశోధకులు 2008లో సైన్స్ పత్రికలో చూపించారు. కాబట్టి మార్పులు చేయదగ్గ బండి ఏదైనా ఉందంటే అది పికప్పే. ఎక్కడ చెయ్యి పెట్టాలన్నదే ప్రశ్న.

చాలామంది చెయ్యి ముందు బానెట్ కిందికి వెళుతుంది. నా దృష్టిలో అది తప్పు చోటు. 2,300 కిలోల పెద్ద పికప్‌ను తీసుకుందాం. ఎదురుగాలికి అడ్డంగా నిలిచే వైశాల్యం దాదాపు 3.4 చదరపు మీటర్లు, గాలి నిరోధ గుణకం 0.4 అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో గాలి దాన్ని వెనక్కి నెట్టే బలం సుమారు 230 న్యూటన్లు. టైర్లు దొర్లడంలో ఎదురయ్యే నిరోధం కూడా అంతే. వేగం 100కు చేరినా టైర్ల నిరోధం పెద్దగా మారదు, గాలి బలం మాత్రం 630కి ఎగబాకుతుంది. 120 దగ్గర 900 దాటుతుంది. వేగం వర్గంతో పాటు గాలి బలం పెరగడమే దీనికి కారణం. అంటే హైవే మీద పోసిన పెట్రోలులో చక్రాల దాకా చేరిన శక్తి చాలావరకు గాలిని తోయడానికే ఖర్చవుతోంది. ఆకారం ఎంత ముఖ్యమో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఇంజనీర్లు 1970లలోనే తేల్చారు. ఒక వ్యాన్‌కు చుట్టూ అల్యూమినియం రేకులు బిగించి అచ్చం డబ్బాలా చేసి, తర్వాత ఆ డబ్బా అంచులను గుండ్రం చేస్తే గాలి నిరోధం సగానికి పైగా పడిపోయింది. ఇంజన్‌ను వాళ్లు ముట్టుకోలేదు.

పికప్‌లో గాలి ఆడే ఆట ఇంకొంచెం చిత్రమైనది. తొట్టి వెనక డోరు గాలికి అడ్డు గోడలా నిలుస్తుందనీ, దించేస్తే మైలేజీ పెరుగుతుందనీ తరాలుగా నమ్మకం. కెనడా జాతీయ పరిశోధన మండలికి చెందిన కెవిన్ కూపర్ 2004లో ప్రచురించిన పత్రం శీర్షికలోనే డోరు ఎత్తే ఉంచమని చెప్పారు. డోరు మూసి ఉంటే తొట్టిలో గాలి ఒక సుడిలా తిరుగుతూ నిలబడుతుంది. క్యాబిన్ మీదుగా వచ్చే గాలి ఆ సుడి మీద నుంచి జారి వెళ్లిపోతుంది. డోరు దించితే ఆ సుడి చెదిరి, గాలి క్యాబిన్ వెనకే కూలబడి బండిని వెనక్కి లాగుతుంది. తొట్టిపై చదునైన మూత వేస్తే ఇంకాస్త మేలు. క్యాబిన్ పైకప్పు నుంచి వెనక అంచు దాకా వాలుగా కప్పు కడితే ఇంకా మేలే గానీ, ఆ వాలు నిదానంగా ఉండాలి. 1984లో అహ్మద్ అనే పరిశోధకుడి బృందం నమూనాలపై చేసిన ప్రయోగాల్లో వెనక వాలు 12 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు నిరోధం బాగా తగ్గింది, 30 డిగ్రీల దగ్గర శిఖరానికి చేరింది. కంటికి అందంగా కనిపించే వాలు గాలికి నచ్చకపోవచ్చు.

కంపెనీలు కూడా చివరికి ఈ దారికే వచ్చాయి. 2013 రామ్ 1500 పికప్‌కు, గాలి అవసరం లేనప్పుడు మూసుకునే గ్రిల్ రెక్కలు, హైవే వేగంలో బండిని కిందికి దించే ఎయిర్ సస్పెన్షన్ అమర్చారు. నిరోధ గుణకం 0.36కు తగ్గిందని కంపెనీ ప్రకటించింది. 2015లో ఫోర్డ్ ఎఫ్-150 బాడీని ఉక్కు నుంచి అల్యూమినియంకు మార్చి, గరిష్ఠంగా 700 పౌండ్లు, అంటే దాదాపు 318 కిలోల బరువు దించింది. బరువు తగ్గింపు ఊళ్లో ఆగుతూ కదిలే ప్రయాణంలో ఎక్కువ కలిసొస్తుంది, ఆకారం హైవే మీద కలిసొస్తుంది.

మరి ఇంధన పైపుకు తగిలించే అయస్కాంతాలు, నీటి నుంచి హైడ్రోజన్ తీసే సీసాలు, ట్యాంకులో పోసే మందులు? అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇలాంటివి వందకు పైగా పరిశీలించింది. చెప్పుకోదగ్గ ఆదా చూపినది ఒక్కటీ దొరకలేదు. కారణం సులువుగానే అర్థమవుతుంది. నేటి ఇంజన్‌లో ఇంధనం దాదాపు పూర్తిగా మండిపోతోంది. పోతున్నది మండని పెట్రోలు కాదు, రేడియేటర్ నుంచి, పొగగొట్టం నుంచి వెళ్లిపోయే వేడి. ‘పూర్తిగా మండించే’ పరికరానికి అక్కడ మిగిలిన పనే లేదు. ఎయిర్ ఫిల్టర్ సంగతీ అంతే. కొత్త తరం పెట్రోలు ఇంజన్లలో ఫిల్టర్ మూసుకుపోతే వేగం అందుకోవడం మందగిస్తుంది తప్ప మైలేజీ పెద్దగా పడిపోదని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల పరీక్షలు తేల్చాయి.

‘బిగించాక మా బండికి పెరిగింది’ అనేవాళ్లు అబద్ధమాడుతున్నారని నేను అనను. కొత్త పరికరం పెట్టిన మనిషి తెలియకుండానే మెల్లగా నడుపుతాడు. చలికాలం పోయి ఎండలొస్తే గాలి పలచబడుతుంది. ఎదురు దిశలోనూ పొరపడొచ్చు: చుట్టుకొలత ఐదు శాతం ఎక్కువ ఉన్న టైర్లు వేస్తే మీటరు అసలు దూరం కంటే దాదాపు అంతమేర తక్కువ చూపిస్తుంది, మైలేజీ పడిపోయినట్టు భ్రమ కలుగుతుంది. అదే రోడ్డు మీద, అదే వేగంతో, మార్పు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, ప్రతిసారీ ట్యాంకు నింపి కొలిస్తే తప్ప మాట నమ్మలేం.

బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. పికప్ సరుకు మోయడానికి పుట్టింది, వాలు కప్పు వేసి తొట్టిని మూసేస్తే ఇక దాన్ని కొనడమెందుకు? న్యాయమైన ప్రశ్నే. తీసి పెట్టుకోగల మూత తప్ప మరేదీ పనిచేసుకునే బండికి తగదు. హైవే మీద ఖాళీగా రోజూ వెళ్లే బండికి వాలు కప్పు తగుతుంది. మన దగ్గరకొస్తే జవాబు ఇంకా మారుతుంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు డీ-మ్యాక్స్‌ను ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో నడిపేవారికి పై లెక్కంతా వర్తిస్తుంది. కూరగాయల బస్తాలతో మూడు టన్నుల మొత్తం బరువుతో, 50 దాటకుండా మార్కెట్‌కు వెళ్లే బండిలో గాలి కంటే టైర్ల నిరోధమే ఎక్కువ. అక్కడ ముందు చూడాల్సింది టైర్లలో గాలి, చక్రాల అలైన్‌మెంట్, పట్టేసి వదలని బ్రేకులు, మోతాదు మించిన లోడు. ఆ తర్వాత, క్యాబిన్‌ను మించి లేచి రెపరెపలాడే టార్పాలిన్‌ను బిగించి కట్టడానికి ఒక తాడు చాలు.