నిప్పులపై కాల్చిన అరటిపండు

భోజనానంతరము పిల్లలు తీపి కోరుట సహజము. మిఠాయికి బదులుగా పెట్టదగినది కాల్చిన అరటిపండు. పండు మాగినకొలది దానిలోని పిండిపదార్థము చక్కెరగా మారును. వేరుగా పంచదార చేర్చవలసిన పని లేదు. ఆహారములో అదనముగా చేరు చక్కెరలు దినసరి శక్తిలో నూటికి 10 వంతులకు లోబడియుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది.

పసుపుపచ్చగా ఉండి, ఒకటి రెండు నల్లచుక్కలు పొడసూపిన గట్టిపండ్లను ఎంచవలెను. మిక్కిలి మాగినవి సెగకు కారిపోవును. పండ్లను కడిగి తుడిచి, తొక్కతోనే నిలువున ఒక గాటు పెట్టి, మంట తగ్గి బూడిద కప్పిన నిప్పులపై ఉంచవలెను. నడుమ ఒకసారి త్రిప్పినచో సుమారు 10 నిమిషములలో తొక్క నల్లబడి, లోని గుజ్జు మెత్తబడును. తొక్క మాడినదని భయపడనక్కరలేదు. గుజ్జును కాపాడునది అదియే.

దించిన పిదప ఏలకుల పొడి, కొబ్బరికోరు చల్లి నిమ్మరసము పిండవలెను. ముందే పిండినచో సెగకు సి విటమిను కొంత నశించును. కొందరు తేనెయు పోయుదురు. ఏడాది నిండని శిశువునకు మాత్రము తేనె ఎంతమాత్రము పెట్టరాదు. మధుమేహము గలవారు ఇది చక్కెర లేని పదార్థమని భ్రమపడరాదు.

అన్నిటికంటె ముఖ్యము నిప్పు సంగతి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు వాయువు దానినుండి వెలువడి నిద్రలోనే ప్రాణము తీయగలదు. చలిగా నున్నదని వంట ముగిసిన కుంపటిని లోనికి తేక, నిప్పు పూర్తిగా ఆరువరకు ఆరుబయటనే ఉంచవలెను.