క్రొత్త పశువైద్యుడును పాత రైతును

గ్రామమునకు క్రొత్త పశువైద్యుడు వచ్చెనని తెలిసినపుడు రైతులు మొట్టమొదట చూచునది ఆయన వయస్సు. ఇరువదినాలుగు, ఇరువదియైదేండ్ల యువకుడో యువతియో పశువైద్యశాలలో కూర్చుండియుండగా, "ఈ కుఱ్ఱవాడికేమి తెలుసును? ఈ పిల్ల గేదెను పట్టగలదా?" అను మాట రచ్చబండ మీద వినబడుచుండును. ఆ మాటవలన డాక్టరునకు కలుగు చిన్నతనము అటుండనిండు. దానివలన రైతునకు కలుగు నష్టము అంతకంటె పెద్దది. నమ్మిక లేనందున కబురు ఆలస్యముగా పోవును. కబురు ఆలస్యమైనందున పశువు చచ్చును. పశువు చచ్చినందున ఉన్న నమ్మికయు పోవును. రెండు గేదెల పాలమీద పిల్లల చదువులును, సంఘపు అప్పు వాయిదాలును గడుపుకొను కుటుంబమునకు ఒక పాడిపశువు పోవుట యన సగము సంసారము కూలుటయే. ఈ కీడును మాన్పుట డాక్టరొక్కని వలన కాదు. సగము పని రైతు చేతిలోనున్నది. ఆ సంగతినే ఈ నెల మన సభ్యులకు విన్నవింపదలచితిమి.

వారి చదువు ఎట్టిది

ఒకప్పుడు మన తెలుగు విద్యార్థులు పశువైద్యము నేర్చుటకు 1903లో ఏర్పడిన మద్రాసు కళాశాలకు పోవుచుండెడివారు. నేడు తిరుపతి, గన్నవరము, ప్రొద్దుటూరు, రాజేంద్రనగరము, కోరుట్ల మొదలగు చోట్ల కళాశాలలున్నవి. 2005లో తిరుపతియందు పశువైద్యమునకు ప్రత్యేకముగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. చదువు అయిదున్నర యేండ్లు. అందు కడపటి యేడాది పశువైద్యశాలలలో పని నేర్చుకొనుటకే చెల్లును.

మనుష్యులకు మందిచ్చువాడు ఒక్క జాతి దేహమును నేర్చిన చాలును. పశువైద్య విద్యార్థి ఆవు, గేదె, గుఱ్ఱము, గొఱ్ఱె, మేక, పంది, కుక్క, కోడి మొదలగువాని నన్నిటిని నేర్వవలెను. ఆవు కడుపు నాలుగు అరలది. అది మేసినదానిని మరల నోటికి తెచ్చుకొని నెమరువేయును. గుఱ్ఱమునకు ఒక్కటే అర. అది తిన్నదానిని కక్కనైనను కక్కలేదు. ఒకదానికి మేలు చేయు మందు వేఱొకదానికి విషమగుటయు గలదు. ఇంత నేర్చినను, రోగి నోరులేనిది. నొప్పి ఎచ్చటనో, ఎన్నినాళ్ల నుండియో అది చెప్పజాలదు.

చూడి పరీక్షను చూడుడు. విద్యార్థి భుజము వఱకు తొడుగు ధరించి, ఆవు పేడదారిలోనికి చేయి పోనిచ్చి, ఆ ప్రేగు గోడ మీదుగా క్రింది గర్భసంచిని తడిమి తెలిసికొనవలెను. కంటికేమియు కనబడదు. ఆవు బిగబట్టినప్పుడు చేయి తిమ్మిరెక్కును. మొదట కొన్ని వారముల వఱకు వానికి దొరకునది పేడయే. అండకోశము బాదముగింజ యంత యుండునని పుస్తకములో చదివియుండును. వ్రేళ్లకు మాత్రము తగులదు. ప్రక్కనున్న ఉపాధ్యాయుడు అర నిమిషములో "రెండు నెలల చూడి" యని చెప్పి చేయి కడుగుకొనును. కుఱ్ఱవాడు సిగ్గుతో మరల ప్రయత్నించును. ఏదో యొక ఉదయమున, నీరు నిండిన చిన్న తిత్తివలె గర్భసంచి కొమ్ము వాని వ్రేళ్ల క్రింద జాఱును. ఆ దినము వానికి పండుగ. రైతు ఇంటియొద్ద అయిదు నిమిషములలో ముగియు పరీక్ష వెనుక ఇట్టి దినములెన్నో యున్నవని మనము మఱువరాదు.

పాలజ్వరము: చూచుచుండగనే లేచు ఆవు

క్రొత్త డాక్టరునకు పేరు తెచ్చునట్టి జబ్బు ఒకటి గలదు. అది పాలజ్వరము. ఎక్కువ పాలిచ్చు ఆవునకు, ముఖ్యముగా మూడవ యీత మొదలుకొని, ఈనిన రెండు మూడు దినములలో ఇది వచ్చుచుండును. ఆవు మొదట తూలును, తరువాత కూలబడును, మెడ వంచి తల డొక్కవైపు పెట్టుకొని మగతగా పడియుండును. పేరు జ్వరమే గాని చెవులును, ఒడలును చల్లబడియుండును. నెత్తుటిలోని సున్నపుధాతువు, అనగా కాల్షియము, ఒక్కసారిగా పాలలోనికి దిగిపోవుటయే దీనికి కారణము.

పూర్వము ఈ జబ్బు పట్టిన ఆవులలో పెక్కు చచ్చుచుండెడివి. 1897లో డెన్మార్కు దేశపు పశువైద్యుడు ష్మిట్టు అనునాతడు, పొదుగులో ఏదో విషము పుట్టుచున్నదని యెంచి, పొదుగులోనికి మందునీరు ఎక్కించి చూచెను. ఆవులు బ్రదికినవి. తరువాత మందు లేకయే వట్టి గాలిని పొదుగులోనికి కొట్టినను లేచుచున్నవని తేలినది. విషమను ఊహ తప్పు. పొదుగు బిగియుటచే పాలు దిగుట ఆగి, కాల్షియము నెత్తుటిలో నిలిచిపోవుటయే అసలు కారణము. నేడు కాల్షియము మందునే నరములోనికి ఎక్కింతురు.

ఇచ్చటనే క్రొత్త డాక్టరునకు మన వలన చిక్కు వచ్చును. ఆ సీసా మెల్లమెల్లగా, గుండె కొట్టుకొనుటను వినుచు ఎక్కింపవలెను. తొందరపడిన గుండె ఆగును. చుట్టు మూగిన జనము "ఇంకెంతసేపు బాబూ, వేగిరము కానీయండి" అని తొందరపెట్టుదురు. అంతకుముందే ఎవరో పెద్దమనిషి వెదురుగొట్టముతో నూనెయో కషాయమో గొంతులో పోసియుండును. ఈ జబ్బులో ఆవు మ్రింగలేదు. పోసినది ఊపిరితిత్తులలోనికి పోవును. అప్పుడు డాక్టరు పాలజ్వరమును మాన్పినను ఆవు ఊపిరితిత్తుల వాపుతో చచ్చును. అపకీర్తి సూదికి వచ్చును. కాబట్టి కూలబడిన ఆవు నోట ఏమియు పోయకుడు. బోర్ల కూర్చున్నట్లు ఇరుప్రక్కల గడ్డిమోపుల నానించి, వెంటనే కబురంపుడు. అట్లు చేసినచో, సీసా ముగియు వేళకు ఆవు త్రేన్చి, ఒడలు వణకించి, పేడవేసి, ఒక్కొక్కప్పుడు డాక్టరు సంచి సర్దుకొనులోపలనే లేచి నిలుచుండును.

గర్భసంచి మెలిక

గేదెలు ఈనలేక బాధపడుటకు ముఖ్య కారణము గర్భసంచి మెలికపడుట. గేదె పది నెలల పైచిలుకు, అనగా సుమారు 310 దినములు మోయును. నెలలు నిండి, లేచుచు కూర్చుండుచు, డొక్కవైపు చూచుచు నొప్పులుపడును. ఉమ్మనీటి తిత్తి మాత్రము బయటికి రాదు. ఇంటివారు "ఇంకను ప్రొద్దు రాలేదు" అని ఒక పగలును, ఒక రాత్రియు గడపుదురు. లోపల దారి, నీళ్లు పిండుటకు మెలివేసిన తడిగుడ్డవలె బిగిసియుండును. లాగిన రాదు; మందిచ్చిన రాదు. చేతులు పెట్టి లాగినకొలది లోపల చినుగును.

దీనికి మార్గము మందుకంటె మనుష్యబలము. డాక్టరు లోన చేయి పెట్టి మెలిక ఏ ప్రక్కకో చూచును. గేదెను ఆ ప్రక్కకే పడవేసి, కాళ్లు కట్టి, డొక్కమీద పలక ఆనించి, ఆ పలకను ఒకడు త్రొక్కి యుంచగా, పదిమంది దానిని మెలికపడిన వైపునకే వేగముగా దొర్లింపవలెను. పలక లోపలి గర్భమును కదలనీయదు, దేహము తిరిగి గర్భమును కలిసికొనును, మెలిక విడును. ఒక్కసారికి విడకున్న మరల దొర్లింపవలెను.

ఒక గ్రామమున ఇట్టి దానిని మేము కన్నులార చూచితిమి. డాక్టరమ్మ ఉద్యోగమునకు వచ్చి రెండు నెలలైన కాలేదు. గేదెను దొర్లింపుడనగానే గుంపులో నవ్వు పుట్టెను. "పొట్టలో దూడ నలిగిపోదా అమ్మా?" అని ఒకరు, "పట్నమునుండి పెద్ద డాక్టరును పిలిపింతము" అని మఱియొకరు అనిరి. ఆమె వాదింపలేదు. ఇంటి యజమానురాలిని ప్రక్కకు పిలిచి, తడిగుడ్డను మెలివేసి చూపి, మరల విప్పి చూపినది. ఆ తల్లియే "పట్టండిరా" యని కేకవేసినది. మొదటి పర్యాయము ఫలము లేదు. రెండవ పర్యాయమును లేదు. గుంపులో గొణుగుడు ఎక్కువాయెను. డాక్టరమ్మ మోచేతి వఱకు చేయి కడుగుకొని, మరల పరీక్షించి, "సగము విడినది, ఇంకొక్క పర్యాయము" అనెను. మూడవమాటు దొర్లించి, చేయి పెట్టి, ఆమె ఏమియు పలుకకయే నవ్వినది. కొంతసేపటికి ఉమ్మనీరు దిగి, దూడ కాళ్లు కనబడినవి. పెయ్యదూడ, ప్రాణముతోనే పుట్టినది. ఆమెకు అసలు విజయము ఆ దినమున కాదు, తరువాతి పక్షములో వచ్చినది: అదే గ్రామమునుండి మఱియొక రైతు, తన గేదె నొప్పులు మొదలైన నాలుగు గంటలలోనే కబురంపెను.

అన్నిమారులును ఇట్లే జరుగునని మేము చెప్పము. ఆలస్యమైనచో దూడ లోపలనే చచ్చును, గర్భసంచి చెడును, పొట్ట కోసి తీసినను తల్లి దక్కకపోవచ్చును. రాత్రి రెండు గంటలకు టార్చిలైటు వెలుతురున పొట్ట కోసి, తెల్లవారులోపల ఆ గేదె చచ్చుట చూచి, మరల తొమ్మిది గంటలకు వైద్యశాల తలుపు తెఱచు కుఱ్ఱవాని మనస్సు ఎట్లుండునో యోచింపుడు. అట్టి సమయమున వానితో "నీ చేతనైనది చేసినావు బాబూ" అను ఒక్కమాట చాలును. ఆ మాటకు ఖర్చులేదు.

దాచిన మాట చేయు కీడు

డాక్టరునకు నిజము చెప్పుట రెండవ సాయము. ఆవు నోట చొంగ కార్చుచు, మ్రింగలేక, బొంగురు గొంతుతో అఱచుచుండును. గొంతులో ఏదో అడ్డుపడినదని తలచి క్రొత్త డాక్టరు నోటిలో చేయి పెట్టును. నెల క్రిందట పిచ్చికుక్క కఱచినదని అప్పుడు తీరికగా ఎవరో జ్ఞాపకము చేసికొందురు! కుక్కపిచ్చి లక్షణములు కనబడిన పిదప మనుష్యునకు గాని పశువునకు గాని వైద్యము లేనట్లే. ఆ డాక్టరే గాక, అంతకుముందు నోట గడ్డిపెట్టిన ఇంటివారందరును సబ్బుతో చేతులు కడుగుకొని, వెంటనే ఆసుపత్రికిపోయి టీకాలు వేయించుకొనవలెను. మొదటనే ఆ ఒక్కమాట చెప్పియుండిన ఇంత భయముండదు.

అట్లే నెలలు నిండకమునుపు పశువు ఈసుకుపోయిన సంగతిని కొందఱు దాచుదురు. అమ్మకమునకు అడ్డమని వారి భయము. అది బ్రూసెల్లా జబ్బు కావచ్చును. ఆ మాయను, పిండమును, స్రావమును వట్టి చేతులతో ముట్టినవారికి ఈ జబ్బు అంటును. విడిచి విడిచి జ్వరము, కీళ్లనొప్పులు వచ్చును. క్రొత్త వైద్యులకును ఇది తమ పనిలోనే అంటుచుండును. కాచని పాలు త్రాగినవారికిని అంటవచ్చును. 2019లో దేశమంతట ఆరంభమైన పథకము క్రింద నాలుగు మొదలు ఎనిమిది నెలల వయస్సు గల పెయ్యలకు, పడ్డలకు దీనికి టీకా వేయుచున్నారు. గాలికుంటునకును ఆ పథకమందే టీకాలున్నవి. టీకా వేసిన దినమున పాలు కొంచెము తగ్గునని పశువును పొలమునకు తోలి దాచుట మంచిది కాదు. ముసర వ్యాధి ఒకప్పుడు మందలను మందలుగా తుడిచిపెట్టినది. ఇంటింటికిని తిరిగి టీకాలు వేసిన వారి శ్రమవలననే 2011లో అది భూమిమీద లేకుండపోయెనని ప్రకటింపబడినది. అట్టి పని రైతు పశువును దాచిన సాగదు.

ఎదకట్టించుటలోను ఇదే మాట. సూది నిలువలేదని నింద డాక్టరుమీద పడును. కాని గేదె మూగయెదకు వచ్చును. తీగవలె సాగు పల్చని మాసర, మాటిమాటికి మూత్రము పోయుట తప్ప వేఱు గుర్తులుండకపోవచ్చును. ఉదయము కనిపెట్టిన సాయంకాలమునకును, సాయంకాలము కనిపెట్టిన మరునాటి ఉదయమునకును తీసికొనిపోవలెను. గంట తప్పక చెప్పగల రైతునకే ఫలము.

సభ్యులు చేయదగినవి

1. కబురు వెంటనే పంపుడు. 1962 నంబరునకు టెలిఫోను చేసిన పశువుల అంబులెన్సు వచ్చు ఏర్పాటు ఉభయ తెలుగు రాష్ట్రములందును గలదు.

2. డాక్టరు వచ్చులోపల నోట మందులు పోయుట, వాతలు పెట్టుట, దూడను బలముగా లాగుట మానుడు.

3. ఎప్పుడు ఈనినది, ఏమి మేసినది, ఎవరు ఏ మందిచ్చినది, కుక్క కఱచినదా అను సంగతులు దాచక చెప్పుడు.

4. పశువును కట్టుటకు గట్టి పగ్గము, పట్టుటకు నలుగురు మనుష్యులు, దీపము, వేడినీళ్లు, సబ్బు సిద్ధముగానుంచుడు.

5. మందు వాడిన పశువు పాలను డాక్టరు చెప్పిన దినములు గడచువఱకు సంఘపు కేంద్రమునకు పోయకుడు. ఒక్క యింటి పాలు ఊరందరి క్యానును చెఱచును.

నేటి క్రొత్త డాక్టరు పదియేండ్లకు ప్రవీణుడగుట నిజము. ఆ ప్రావీణ్యము వానికి మన కొట్టములలోనే, మన పశువులమీదనే అలవడవలెను. త్వరగా పిలిచి, నిజము చెప్పి, పగ్గము పట్టిన రైతు వానికి గురువుతో సమానుడు. ఆ గురుత్వమునకు దక్షిణ ఆ రైతు దొడ్డిలోనే బ్రదికి నిలుచును.