ఒంటరి బాటసారికి తేలిక గుడారము

విశాఖపట్టణమున సముద్రపుటొడ్డున నిలిచి వెనుకకు తిరిగి చూచినచో కొండలు కనబడును. రేవు ముఖమున కావలి నిలిచిన డాల్ఫిన్స్ నోస్ మొదలుకొని సింహాచలము కొండ, కంబాలకొండ, వానికి ఆవల అనంతగిరి, గాలికొండ, అరకులోయ. ఇట్లు ఒకదాని వెనుక ఒకటిగా తూర్పు కనుమలు లేచుచుండును. ఓడరేవులోను, ఉక్కు కర్మాగారములోను వారమంతయు శ్రమించినవారు సెలవు దొరికినంతనే వీపున సంచి తగిలించుకొని, కిరండూలు పోవు రైలెక్కి, బొర్రా గుహల వద్దనో అరకులోనో దిగి, కాలినడకన కొండదారి పట్టుట నేడు వింత కాదు. వారిలో ఒంటరిగా పోవువారును కలరు. అట్టివారు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు: ఒక్క మనిషికి సరిపోవు తేలిక గుడారము ఏది కొనవలెను?

ఫలానా కంపెనీది కొనుడని చెప్పుట మా ఉద్దేశము కాదు. కంపెనీలు మారును, సరుకు మారును. ఎంచుకొను పద్ధతి మాత్రము మారదు. ఆ పద్ధతిని ఒక్క మాటలో చెప్పవలెనన్న, గుడారమును చీటీ మీద వ్రాసిన బరువును బట్టి గాక, దానిలో గడపవలసి రాదగిన మిక్కిలి చెడ్డ రాత్రిని బట్టి ఎంచుకొనవలెను. ఈ మాటను కొంచెము వివరింతుము.

పూర్వము గుడారమనగా గుర్తుకు వచ్చునది జమాబందీకి వచ్చిన దొరల డేరా. దానిని ఎడ్లబండి మీద తెచ్చి, పదిమంది కూలీలు నిలబెట్టెడివారు. మనిషి తన వీపున తానే మోసికొనదగిన గుడారమును ప్రచారములోనికి తెచ్చినవారిలో థామస్ హైరమ్ హోల్డింగ్ అను లండను నగరపు దర్జీ ముఖ్యుడు. ఆయన 1901లో సైకిలు మీద తిరుగుచు గుడారములలో బస చేయువారికై ఒక సంఘమును నెలకొల్పెను. 1908లో ఆ విద్యను గూర్చి ఒక పుస్తకమును ప్రకటించెను. గుడ్డ, కుట్టు, బరువు, ఈ మూడింటి లెక్క తెలిసిన దర్జీ చేతిలో ఈ పని ప్రారంభమగుట సహజమే. నేటికిని తేలిక గుడారపు మంచిచెడ్డలు ఈ మూడింటి చుట్టునే తిరుగుచున్నవి.

మొదట బరువు సంగతి. కొండదారిన నడచువాడు తన శరీరపు బరువులో అయిదవ వంతుకు మించి మోయకుండుట మేలని అనుభవజ్ఞులు చెప్పుదురు. 60 కిలోల మనిషికి ఇది 12 కిలోలు. ఇందులో మూడు లీటర్ల నీరు మూడు కిలోలు. రెండు రోజుల ఆహారము కిలోన్నర. పడకయు, చలిబట్టలును రెండున్నర. ఖాళీ సంచియే కిలోన్నర తూగును. టార్చి, మందులు, వంటగిన్నె కలిపి మరియొక కిలో. మొత్తము తొమ్మిదిన్నర. గుడారమునకు మిగిలినది రెండున్నర కిలోలు మాత్రమే. ఇద్దరు కలిసి పోవునపుడు ఒకరు గుడ్డను, ఒకరు కమ్మీలను పంచుకొనవచ్చును. ఒంటరివానికి ఆ వెసులుబాటు లేదు. భారమధికమైనచో సాయంకాలము అలసిన కాలు రాతి మీద తొట్రుపడును. చీలమండ బెణికినచో చేయి అందించువాడు ఉండడు. కావున తేలికదనము ఒంటరివానికి విలాసము కాదు, రక్షణ.

ఒక్క మనిషికి తగిన మంచి గుడారములు నేడు ఒకటి నుండి రెండు కిలోల బరువులో దొరకును. కిలోకు లోపలివియు ఉన్నవి గాని, వాని ధర హెచ్చు, గుడ్డ సున్నితము. చీటీ మీద కొన్నిటికి రెండు బరువులు వ్రాయబడి యుండును. ఒకటి గుడ్డ, కమ్మీలు మాత్రమే లెక్కించిన కనీసపు బరువు. రెండవది మేకులు, తాళ్లు, సంచులు కలిపిన పూర్తి బరువు. మీ వీపు మోయునది రెండవదానినే; దానినే అడిగి తెలిసికొనవలెను.

ఇక గుడారములోని తేమ సంగతి. దీనిని మేము నష్టపడి నేర్చుకొంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట డిసెంబరు మాసమున, అనంతగిరికి ఎగువన ఒక మెట్ట మీద, ఒకే పొర గుడ్డతో కుట్టిన గుడారములో రాత్రి గడిపితిమి. అది కిలో బరువైనను లేదు. దానిని చూచి మేము గర్వించితిమి కూడ. వాన లేదు, ఆకాశము నిర్మలముగా నుండెను. చలికి జడిసి కిటికీలన్నియు మూసి పడుకొంటిమి. నడిరేయి ముఖము మీద చుక్క పడి మెలకువ వచ్చినది. చేయి చాపి తడిమితిమి గదా, లోపలి గుడ్డయంతయు నీరు. పడకసంచి కాళ్ల వైపు తడిసి ముద్దయైనది. తెల్లవారువరకు వణకుచు కూర్చుండి, తలపెట్టిన రెండు రోజుల నడకను మానుకొని, ఉదయముననే కొండ దిగితిమి. గుడారము కారలేదు. ఆ నీరు మా ఊపిరియే.

మనిషి నిద్రించునపుడు ఊపిరి ద్వారమునను, చర్మము ద్వారమునను ఒక రాత్రిలో సుమారు పావు లీటరు నీటిని ఆవిరిగా విడుచును. ఆ ఆవిరి చల్లని గుడ్డను తాకి బిందువులగును. లడఖ్ వంటి పొడి ప్రదేశములలో ఆవిరి త్వరగా బయటి గాలిలో కలిసిపోవును. మన కొండల మీద, సముద్రపు తేమయు పొగమంచును కలిసిన గాలిలో, దానికి పోవుటకు చోటు లేదు. అందుచేత మన ప్రాంతమునకు రెండు పొరల గుడారమే తగినది. దీనిలో లోపలి పొర చాలవరకు దోమతెర వంటి వలగుడ్డ. పై పొర వానను ఆపు కప్పు. రెండింటికిని నడుమ కొంత ఎడముండవలెను. ఆవిరి వల గుండా పోయి పై కప్పునకు తగిలి, బిందువులై, అంచు వెంబడి నేలకు జారిపోవును, పడుకొన్నవానికి తగలదు. కప్పునకు పైభాగమున గాలి కిటికీ ఉండుటయు, దానిని చలిలోను మూయకుండుటయు ముఖ్యము. రెండవ పొర వలన బరువు మూడు నాలుగు వందల గ్రాములు పెరుగును. ఆ రాత్రి తరువాత ఆ బరువును గూర్చి మేమెన్నడును విచారించలేదు.

వలగుడ్డకు మరియొక ప్రయోజనము కలదు. మన ఏజెన్సీ ప్రాంతములలో మలేరియా చిరకాలముగా ఉన్నది. ఆ జ్వరమును వ్యాపింపజేయు దోమ చీకటిపడిన తరువాతనే కుట్టును. పొదలలోను, గడ్డిలోను ఉండు నలుసుల వంటి పురుగుల వలన స్క్రబ్ టైఫస్ అను జ్వరము వచ్చును. కావున నేలగుడ్డయు వలయు విడివిడిగా గాక, కలిపి కుట్టబడి, జిప్పుతో పూర్తిగా మూసికొనునదే కావలెను. శీతకాలమున లంబసింగి వంటి చోట ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు పోవుట సాధారణము. అట్టిచోట్లకు పోవువారు క్రింది సగము నిండు గుడ్డయు, పై సగము వలయు గల లోపలి పొరను ఎన్నుకొనవచ్చును. చలిగాలి నేరుగా ఒంటికి తగలదు.

వాన విషయమున చీటీ మీద మిల్లీమీటర్లలో ఒక అంకె యుండును. గుడ్డపై ఒక గొట్టమును నిలిపి నీరు పోసినచో, ఎంత ఎత్తు నీటిని మోసిన తరువాత గుడ్డ చెమర్చునో తెలుపు అంకె అది. పై కప్పునకు 1500 మిల్లీమీటర్లు ఉన్నను సాధారణపు వానకు చాలును. నేలగుడ్డపై మన మోచేయి, మోకాలు ఒత్తుచుండును గనుక దానికి 3000 మిల్లీమీటర్లైనను ఉండుట మంచిది. అంకె యెంత పెద్దదైనను కుట్టు సరిగా లేనిచో వ్యర్థము. ప్రతి కుట్టు మీదను లోపలి వైపు పట్టీ అంటించి యున్నదేమో వ్రేలితో తడిమి చూడవలెను. సిలికాను పూత పూసిన గుడ్డకు పట్టీ అంటదు. దాని కుట్లకు మనమే జిగురు పూసికొనవలసి యుండవచ్చును. నైలాను గుడ్డ తడిసినపుడు సాగి వ్రేలాడును. పడుకొనబోవు ముందు తాళ్లను మరల బిగించవలెను. పాలియెస్టరు అంతగా సాగదు.

గాలికి ఒక లెక్క కలదు. దాని వేగము రెండింతలైనచో ఒత్తిడి నాలుగింతలగును. గంటకు 20 కిలోమీటర్ల గాలిలో చక్కగా నిలిచిన గుడారము 40 కిలోమీటర్ల గాలిలో కూలుటకు ఇదియే కారణము. తక్కువ ఎత్తు గల కొనను గాలి వచ్చు దిక్కునకు పెట్టి, తాళ్లన్నింటిని కట్టవలెను. వాతావరణము ప్రశాంతముగా నున్నదని తాళ్లను సంచిలోనే విడుచుట ఒంటరివారు చేయు పొరపాటు. నడిరేయి గాలి లేచినపుడు ఒక్కచేత టార్చి పట్టుకొని, ఒక్కచేత తాడు కట్టుట ఎంత కష్టమో అప్పుడు తెలియును.

కమ్మీలు అల్యూమినియమువి మేలు. అవి వంగునే గాని తటాలున విరుగవు. ఫైబర్‌గ్లాసు కమ్మీలు చవక. కాని బరువు, పైగా విరిగినపుడు పుల్లలుగా చీలి గుడ్డను చించును. ఏ కమ్మీ అయినను, విరిగినచోట తొడుగుటకు జానెడు గొట్టపు ముక్కను వెంట ఉంచుకొనవలెను. కొన్ని గుడారములకు కమ్మీలే ఉండవు. నడకకర్రలనే గుంజలుగా నిలిపెదరు. వీనితో బరువు బాగుగా తగ్గును. కాని అవి మేకుల బలముపైననే నిలుచును. మన ప్రాంతపు నేలను జ్ఞప్తి యందుంచుకొనుడు. తీరమున ఇసుక మేకును పట్టదు. కొండపైన రాతిపలక మేకును దిగనీయదు. తనంతట తాను నిలుచు గుడారమైనచో రాతి మీదనైనను నిలిపి, తాళ్లను బండలకు చుట్టవచ్చును. ఇసుకలోనైనచో చిన్న సంచులలో ఇసుక నింపి, తాడు కట్టి, పూడ్చవలెను. క్రొత్తవారికి తనంతట నిలుచునదే మా సలహా.

పరిమాణమును కాగితము మీద చూచి తృప్తిపడరాదు. అంగడిలో గుడారమును వేయించి, లోపల పడుకొని చూడవలెను. తలగాని, పాదములుగాని గుడ్డను తాకరాదు. తాకినచోట తేమ దిగును. సాధారణపు ఎత్తు గలవానికి 215 మొదలు 220 సెంటీమీటర్ల పొడవు, కూర్చుండుటకు నూరు సెంటీమీటర్ల ఎత్తు కావలెను. చెప్పులకును, తడిసిన సంచికిని బయటి కప్పు క్రింద చిన్న చావడి ఉన్నచో వానరాత్రి దాని విలువ తెలియును.

కొన్న వెంటనే కొండకు పోరాదు. మొదట ఇంటి డాబా మీద వేసి, కట్టుటయు విప్పుటయు చీకటిలో సైతము చేయగలుగువరకు అభ్యసింపవలెను. నాలుగు బకెట్ల నీరు పోసి కుట్లను పరీక్షింపవలెను. ఒక రాత్రి అందులోనే నిద్రించుట ఇంకను మేలు.

విశాఖవాసులు తప్పక తెలిసికొనవలసినది గుడారమును దాచు పద్ధతి. చాల గుడారములకు పూయు పాలియురిథేను పూతకు వేడియు తేమయు శత్రువులు. తడి గుడారమును చుట్టి అటక మీద పెట్టినచో, కొంతకాలమునకు పూత బంకవలె సాగి, దుర్వాసన కొట్టి, పొరలుగా ఊడును. దానికి మరమ్మతు కష్టము. ఇంటికి వచ్చినంతనే నీడలో ఆరవేసి, వదులుగా ఒక గుడ్డసంచిలో ఉంచవలెను. సముద్రతీరమున వాడినచో కమ్మీలను, జిప్పులను మంచినీటితో కడుగవలెను. ఉప్పు అల్యూమినియమును తినివేయును.

చివరకు, గుడారము చేయలేనిది ఏమో కూడ చెప్పవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరము దాటినపుడు మహావృక్షములు కూలినవి. అట్టి గాలికి ఏ గుడారమును ఆగదు. అక్టోబరు, నవంబరు మాసములలో వాతావరణశాఖ హెచ్చరిక విన్నంతనే నడక మానుకొనుటయే వివేకము. వానకాలమున ఎండిన గెడ్డలో గుడారము వేయరాదు. ఎగువ కురిసిన వాన చీకటిలో గెడ్డగా దిగివచ్చును. శిఖరము మీదను, ఒంటిచెట్టు క్రిందను పిడుగు భయము. గుడారము లోపల పొయ్యి వెలిగించుట ప్రాణాపాయము. గుడ్డ అంటుకొనును, విషవాయువు నిండును. కంబాలకొండ వంటి అభయారణ్యములలో అటవీశాఖ అనుమతియు, గిరిజన గ్రామముల చేరువలో ఊరి పెద్దల అనుమతియు పొందవలెను. ఊరివారికి మీ బస తెలిసియుండుటయే ఒంటరివానికి పెద్ద రక్ష.

మన విజయనగరము చేరువనున్న కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజులలో ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను అధిరోహించెను. అంతటి ఆరితేరినవాడు 2015లో ఆండీస్ పర్వతములలో ప్రాణములు కోల్పోయెను. పర్వతము ఎవరి నేర్పును లెక్కచేయదు. మన కొండలు ఆండీస్ కావు. అయినను తడిసినవానికి, అలసినవానికి, ఒంటరివానికి చిన్న కొండయు పెద్దదే.

కావున గుడారము కొనబోవునపుడు అంగడివాని ఎదుట నిలిచి ఒక్క క్షణము కన్నులు మూసికొనుడు. గాలికొండ మీద పొగమంచు క్రమ్మినది, వాన మొదలైనది, ఊరు రెండు కోసుల దూరమున నున్నది, తోడెవరును లేరు. ఈ గుడారము ఆ రాత్రి మిమ్ము పొడిగా ఉంచునా? ఉంచునని మీ మనస్సు ఒప్పుకొన్నచో, రెండు వందల గ్రాములు హెచ్చైనను దానినే తీసికొనుడు. ఉదయమున మంచు విడి, క్రింది లోయలో కాఫీతోటల మీద ఎండ ప్రాకునపుడు, ఆ రెండు వందల గ్రాములు మీకు భారమనిపించవు.