సెమ్లా

సెమ్లా స్వీడన్ దేశానికి చెందిన సాంప్రదాయిక తీపి రొట్టె. ఏలకుల పొడి కలిపిన గుండ్రని బన్నులో బాదం ముద్దను, గిలకొట్టిన మీగడను నింపి దీనిని తయారు చేస్తారు. దీని బహువచన రూపం సెమ్లోర్. దక్షిణ స్వీడన్‌లో దీనిని ఫాస్ట్‌లాగ్స్‌బుల్లె అని కూడా అంటారు.

పేరు వ్యుత్పత్తి

లాటిన్ భాషలో "సిమిలా" అనగా మేలురకపు మెత్తని గోధుమ పిండి. ఆ పదమే జర్మన్ భాష ద్వారా స్వీడిష్‌లో ప్రవేశించి సెమ్లా అయినది.

చరిత్ర

ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలను తెలుగు క్రైస్తవులు శ్రమకాలమనీ, తపస్సు కాలమనీ వ్యవహరిస్తారు. ఇవి భస్మ బుధవారంతో ఆరంభమవుతాయి. పూర్వం ఆ దినాలలో మాంసంతో పాటు పాలు, వెన్న, గుడ్లు కూడా వర్జ్యం. అందుచేత ముందురోజైన మంగళవారం నాడు కడుపారా భుజించడం ఆనవాయితీ. స్వీడిష్ భాషలో ఆ రోజు పేరుకు "కొవ్వు మంగళవారం" అని అర్థం. 16వ శతాబ్దపు మతసంస్కరణ తరువాత స్వీడన్‌లో ఉపవాసం క్రమంగా సన్నగిల్లినా, దాని ముందటి విందు మాత్రం నిలిచిపోయింది.

తొలినాళ్ళలో బన్నును వేడి పాలలో నానబెట్టుకొని తినేవారు. స్వీడన్ రాజు అడాల్ఫ్ ఫ్రెడ్రిక్ 1771 ఫిబ్రవరి 12న, సరిగ్గా ఆ మంగళవారం నాడే, భారీ విందు అనంతరం మరణించాడు. ఆ విందు చివర ఆయన 14 సెమ్లాలు తిన్నాడని ప్రతీతి.

తయారీ విధానం

మైదా, పాలు, వెన్న, చక్కెర, ఈస్టు, ఏలకుల పొడి కలిపి పిండి పులిసిన తరువాత బన్నులు కాలుస్తారు. చల్లారాక పైభాగాన్ని మూతవలె కోసి, లోపలి మెత్తని భాగాన్ని తీసి, బాదం ముద్ద, పాలతో కలిపి తిరిగి నింపుతారు. దానిపై మీగడ వేసి, మూత పెట్టి, మెత్తని చక్కెర పొడి చల్లుతారు. దీనికి సువాసననిచ్చే ఏలకుల మొక్క జన్మస్థానం మన పశ్చిమ కనుమలే కావడం విశేషం.

కాఫీ సంస్కృతిలో స్థానం

స్వీడన్‌లో 1756 నుండి 1820ల వరకు కాఫీని పలుమార్లు నిషేధించారు. తొలి నిషేధం అడాల్ఫ్ ఫ్రెడ్రిక్ పాలనాకాలంలోనిదే. నేడు తలసరి కాఫీ వినియోగంలో స్వీడన్ అగ్రశ్రేణి దేశాలలో ఒకటి. పని ఆపి, నలుగురూ కూర్చుని, ఏదైనా తీపి పదార్థంతో కాఫీ సేవించడాన్ని అక్కడ "ఫీకా" అంటారు. కాఫీకి పాత వాడుక పేరైన "కాఫి"లోని అక్షరాలను తారుమారు చేయగా 19వ శతాబ్దంలో ఈ మాట పుట్టింది. కార్యాలయాలలో సైతం ఫీకా విరామం సర్వసాధారణం. ఏడాది పొడవునా ఫీకాలో దాల్చినచెక్క బన్నులు కనిపిస్తాయి. క్రిస్మస్ ముగిసినది మొదలు ఈస్టరు వరకు మాత్రం ఆ గౌరవం సెమ్లాకే దక్కుతుంది.

ఇతర దేశాలలో

ఫిన్లాండ్‌లో బాదం ముద్దకు బదులు పండ్ల జామ్ నింపడం కూడా వాడుకలో ఉంది. డెన్మార్క్, నార్వే దేశాలలోనూ ఇదే పండుగకు ఇటువంటి బన్నులు చేస్తారు.